అవధానము – ధారణ

‘అవధానము’ అను మాటకు మనస్సును విషయముపై నిలుపుట అని యర్థము. ఆ పేరుతోనే తెలుగునాట ఒక విద్య పెంపొందినది. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని పరీక్షింతురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పదములిచ్చి వానితో పద్యము చెప్పుమందురు. ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు. నడుమ అప్రస్తుత ప్రసంగము చేయువారు పొంతనలేని ప్రశ్నలతో ఆయన మనస్సును చెదరగొట్టజూతురు. వేరొకరు గంట మ్రోగించుచుండగా ఆ మ్రోతలను లెక్కింపవలెను. ఆవృత్తమున కొక్క పాదము చొప్పున పద్యములు నాలుగు ఆవృత్తములలో పూర్తియగును. తుదకు అవధాని ఆ పద్యములను వరుసగా అప్పజెప్పును. ఇదియే ధారణ. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) అనువారు తిరుపతి వేంకటకవులన్న పేర ఈ విద్యకు మిక్కిలి ప్రచారము గలిగించిరి.

వినునపుడు మనస్సు నిలుపుట యొకటి. పిదప జ్ఞప్తికి దెచ్చుకొనుట మరియొకటి. ఈ రెంటికిని గల సంబంధమేమి?

మెదడులో నుదుటి వెనుకనున్న భాగము మనస్సును ఒక పనిపై నిలుపుటకు తోడ్పడును. చెవుల దాపున, మెదడు లోపలివైపున, హిప్పోకాంపస్ అను భాగము ఇరుప్రక్కలను కలదు. గుఱ్ఱపు మొగము గల ఒక చిన్న సముద్రపు చేపను పోలియుండుటచే దాని కా పేరు వచ్చినది. ఒక సంఘటనలో మనము చూచినదానిని, వినినదానిని కలిపి ముడివేయుట దాని పని. పిదప ఒక చిన్న ఆనవాలు దొరకినచో, దానిని పట్టుకొని తక్కినదంతయు మరల వెలికివచ్చును. అట్టి ఆనవాలును వెదకుటకును, వచ్చినది సరియైనదో కాదో చూచుటకును నుదుటి వెనుకటి భాగము మరల పనిచేయును.

ఈ సంగతిని తెలిపిన యుదాహరణ మొకటి కలదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునికి మూర్ఛవ్యాధి తగ్గించుటకై శస్త్రచికిత్స చేసి, హిప్పోకాంపస్‌లో చాల భాగమును ఇరువైపులను తొలగించిరి. మూర్ఛలు తగ్గినవి. కాని నాటినుండి క్రొత్త సంగతు లతని మనస్సున నిలువవయ్యెను. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు ఆయనను పెక్కేండ్లు పరీక్షించిరి. ఒకసారి 584 అను సంఖ్యను జ్ఞప్తియందుంచుకొమ్మనగా, అతడు దానినే మననము చేయుచు కొన్ని నిమిషములు నిలుపుకొనెను. మనస్సు వేరొకదానిపైకి మరలినంతనే ఆ సంఖ్యయే కాక, అట్టి పని తనకు చెప్పిరన్న సంగతియు మరచిపోయెను. శ్రద్ధ విషయమును కొంతసేపు పట్టియుంచగలదు. దాచిపెట్టుటకు మాత్రము మరియొక భాగము తోడు కావలెను.

1996లో కెనడాకు చెందిన ఫెర్గస్ క్రైక్ మొదలగువారు, మాటలను నేర్చుకొనుచున్నవారికి అదే సమయమున మరియొక పనిని గూడ చెప్పిచూచిరి. జ్ఞాపకము చాల తగ్గినది. నేర్చిన మాటలను అప్పజెప్పునపుడు ఆ పని చెప్పగా, జ్ఞాపకము కొంచెమే తగ్గినది; కాని ఆ రెండవ పని నెమ్మదించినది. అనగా జ్ఞప్తికి దెచ్చుకొనుటకును శ్రద్ధ వెచ్చింపవలసియే యున్నది. 2000లో ఫెర్నాండిస్, మోస్కోవిచ్ అనువారు మరియొక విశేషము కనుగొనిరి. మాటలను జ్ఞప్తికి దెచ్చుకొనువారికి అంకెల పని అంతగా అడ్డుకాలేదు. మాటలతో కూడిన పనియే మిక్కిలి అడ్డు తగిలినది. గంట లెక్కకంటె అప్రస్తుత ప్రసంగమే పద్యమునకు పెద్ద పరీక్ష యేల కాగలదో దీనివలన ఊహింపవచ్చును.

విద్యార్థులకు దీనివలన కలుగు మేలు గొప్పది. చెవి చరవాణి మాటలపైనుండగా కన్ను పుస్తకముపైనున్నచో, నాలుగుసార్లు చదివినను పాఠము మనస్సున చేరదు. పరీక్షలో జవాబు తోచనిచో తొందరపడక, ఆ పాఠములోని ముందు వాక్యమునో, ప్రక్కనున్న పటమునో తలచుకొనవలెను; ఆనవాలు దొరకవచ్చును. చదివినదానిని పుస్తకము మూసి తనకు తానే అప్పజెప్పుకొనుట మరియు మంచిది. అట్లు చేసినవారికి, ఊరక మరల చదివినవారికంటె వారము పిదప ఎక్కువ జ్ఞాపకముండినట్లు 2006లో రోడిగర్, కార్పికి అనువారు చూపిరి.

బావిలో నీరున్నపుడే చేదలోనికి వచ్చును. శ్రద్ధతో వినుట బావిని నింపుట. శ్రద్ధతో తలచుకొనుట చేదను దించుట. రెండును అలవరచుకొన్నవానికి విద్య సమయమునకు అక్కఱకు వచ్చును.