పాడే అమ్మాయి లేదు, పాటలు మాత్రం వేలల్లో: ఏంటీ హత్సునే మికు గేమ్స్?

నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో మోకాళ్ల కిందికి దిగే రెండు జడలు, సన్నటి గొంతు, గబగబా పరుగెత్తే జపనీస్ పాట. పిల్లలు ఈ బొమ్మను చూస్తూ బటన్లు నొక్కుతుంటే "ఎవరీ అమ్మాయి?" అని అమ్మీ, అబ్బా అడగడం సహజమే. జవాబు కొంచెం వింతగా ఉంటుంది. ఆ అమ్మాయి అసలు లేదు. ఆ బొమ్మ పేరు హత్సునే మికు. మికుతో సెగా కంపెనీ తెచ్చిన గేమ్స్ సిరీస్ పేరు 'ప్రాజెక్ట్ దివా'. కంగారు పడాల్సిన పని లేదు గానీ, డబ్బు విషయంలో మాత్రం ఒక తేడా తెలుసుకోవాలి.

గొంతు ఎవరిది?

మికు అంటే నిజానికి ఒక సాఫ్ట్‌వేర్. జపాన్‌లోని సప్పోరో నగరానికి చెందిన క్రిప్టాన్ ఫ్యూచర్ మీడియా దీన్ని 2007 ఆగస్టు 31న అమ్మకానికి పెట్టింది. లోపల పనిచేసే వోకలాయిడ్ ఇంజిన్ యమహా కంపెనీది. సాకి ఫుజిటా అనే వాయిస్ యాక్టర్ చేత చిన్న చిన్న శబ్దాలు పలికించి రికార్డు చేశారు. ఏ స్వరం మీద ఏ అక్షరం రావాలో కంప్యూటర్‌లో రాసిస్తే, సాఫ్ట్‌వేర్ ఆ ముక్కల్ని అతికించి పాటగా వినిపిస్తుంది. డబ్బా మీద వేసిన బొమ్మే మికు. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు అని కంపెనీయే రాసిపెట్టింది.

మరి పాటలు ఎవరివి? ఇవి ఏదో ఒక్క సంగీత దర్శకుడివి కావు. సాఫ్ట్‌వేర్ కొనుక్కున్న మామూలు జనం ఇంట్లో కూర్చుని పాటలు కట్టి, నికోనికో అనే జపాన్ వీడియో సైట్‌లో పెట్టారు. ఈరోజు జపాన్‌లో పెద్ద గాయకుడైన కెన్షి యొనెజు కూడా మొదట 'హాచి' అనే పేరుతో మికు పాటలు చేసినవాడే. అంటే పాడే మనిషి లేకపోయినా, ప్రతి పాట వెనుక ఒక మనిషి ఉన్నాడు.

గేమ్ ఎలా ఉంటుంది?

జనంలో హిట్టయిన పాటల్ని సెగా తీసుకుని గేమ్‌గా మార్చింది. మొదటి ప్రాజెక్ట్ దివా 2009 జూలై 2న జపాన్‌లో పీఎస్‌పీ మీద వచ్చింది. 2010లో ఆర్కేడ్ మెషీన్లలోకి, 2020లో నింటెండో స్విచ్ మీదికి, 2022 మేలో 'మెగా మిక్స్ ప్లస్' పేరుతో కంప్యూటర్లకూ వచ్చింది.

ఆట సులువుగానే అర్థమవుతుంది. వెనుక మికు డ్యాన్స్ చేస్తుంటుంది. తెర మీద బటన్ గుర్తులు కనిపిస్తాయి. ఎగిరొచ్చే గుర్తు దాని మీదికి చేరే క్షణంలో, తాళం తప్పకుండా, అదే బటన్ నొక్కాలి. సరిగ్గా కుదిరితే 'కూల్', కాస్త అటూ ఇటూ అయితే 'ఫైన్'. ఈజీ నుంచి ఎక్స్‌ట్రీమ్ దాకా స్థాయిలున్నాయి. పై స్థాయికి వెళ్తే వేళ్లకు ఊపిరాడదు!

కొనుడు వేరు, లాగుడు వేరు

ఇక డబ్బు సంగతి. మెగా మిక్స్ ప్లస్‌ను ఒకసారి కొంటే 170కి పైగా పాటలు వస్తాయి. అదనపు పాటల ప్యాక్ కావాలంటే వేరుగా కొనాలి. ఏం కొంటున్నామో, ఎంత పెడుతున్నామో ముందే తెలుస్తుంది.

2020లో జపాన్‌లో మొదలైన 'ప్రాజెక్ట్ సెకై' అనే మొబైల్ గేమ్‌లోనూ మికు ఉంది. దీన్ని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ ఇందులో క్యారెక్టర్ కార్డుల కోసం 'గాచా' ఉంటుంది. జపాన్‌లో నాణెం వేసి తిప్పితే ఏదో ఒక బొమ్మ పడే మెషీన్ల నుంచి వచ్చిన మాట ఇది. ఒక్క మాటలో లక్కీ డ్రా. ఆడుతూ సంపాదించిన స్ఫటికాలతో డ్రా తీయొచ్చు, అవి అయిపోతే డబ్బు పెట్టి కొనొచ్చు.

లెక్క చూడండి. ఒక అరుదైన కార్డు వచ్చే అవకాశం నూటికి 3 అనుకుందాం. 33 సార్లు తీస్తే తప్పకుండా వస్తుందని పిల్లలు అనుకుంటారు. కానీ 33 సార్లు తీసిన వంద మందిలో దాదాపు 37 మందికి ఒక్కటి కూడా రాదు. "ఇంకొక్కసారి" అనే మాట ఇక్కడే పుడుతుంది, ఫోన్‌లో పేమెంట్ కూడా ఇక్కడే అవుతుంది.

ఇంట్లో చూసుకోవాల్సినవి

పిల్లలు ఆడేది ఏ గేమో ముందు పేరు చూడండి. మొబైల్ గేమ్ అయితే యాప్ స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్ చేయండి. దివా గేమ్స్‌కు అమెరికాలో 'టీన్' రేటింగ్ ఉంది, అంటే 13 ఏళ్లు నిండిన వాళ్లకు. కొన్ని డ్రెస్సులు ఈత దుస్తులు, కొన్ని పాటల్లో ఒంటరితనం, దిగులు లాంటి బరువైన విషయాలు ఉంటాయి. చిన్న పిల్లలైతే పక్కన కూర్చుని రెండు పాటలు చూస్తే మీకే తెలుస్తుంది.

పిల్లలకు మికు పాటల మీద నిజంగా ఇష్టం ఉంటే ఇంకో ప్రశ్న అడిగి చూడండి: "ఈ పాట ఎవరు కట్టారు?" ఇంట్లో ఒక కంప్యూటర్‌తో పాట చేసిన కుర్రాళ్ల సంగతి తెలిస్తే, వింటూ ఆడే పిల్లలు రేపు తామూ ఏదో ఒకటి చేసి చూడాలనుకోవచ్చు.