నీటి ఒడ్డున విజ్ఞాన పాఠము

విశాఖపట్నపు సముద్రతీరమున ఆటు సమయమున నీరు వెనుకకు తగ్గి రాళ్ళు బయటపడును. పెద్దలు బాలబాలికలను వెంటబెట్టుకొని పోయి, ఆ రాళ్ళ గుంటలలోని పీతలను, నత్తలను చూపి, వాని జీవన విధానమును బోధించుచున్నారు. పుస్తకమున పలుమార్లు చదివినను పట్టుపడని విషయము అచ్చట ఒక్కపూటలో మనసునకెక్కును. సముద్రము లేని నంద్యాల జిల్లాలో ఇట్టి విద్య సాధ్యమా యని పంచాయతీ సభ్యులు సందేహింపనక్కరలేదు. శ్రీశైలమున కృష్ణానది సముద్రమువలె విస్తరించి మన ముంగిటనే యున్నది.

సముద్రమునకు దినమునకు రెండు పర్యాయములు ఆటుపోటులు కలుగును. మన జలాశయమునకు ఏడాది కొకటియే. వానకారు వరదలకు నీరు 885 అడుగుల పూర్తి మట్టమువరకు పెరుగును. వేసవి నాటికి బాగుగా తగ్గును. అప్పుడే మునిగియున్న సంగమేశ్వరాలయము వెలుపలికి వచ్చుచున్నది. ఈ పెరుగుట, తరుగుటలను పిల్లలు నెలనెలా గోడపటముపై గుర్తించిన, అదియే మొదటి పాఠమగును.

పూడిక పాఠము

వరద దినములలో ఒక గాజుసీసాను, మాఘమాసమున మరియొక సీసాను జలాశయపు నీటితో నింపి కదలింపక ఒక దినముంచవలెను. అడుగున పేరిన మట్టిని కొలబద్దతో కొలువవలెను. పారు నీరు మట్టిని మోసికొనివచ్చును. నిలిచిన నీరు దానిని దింపివేయును. సీసాలో జరిగినదే జలాశయములోను జరుగుచున్నది. 1963లో పండిత నెహ్రూ శంకుస్థాపన గావించిన ఈ ప్రాజెక్టు 308 టి.ఎం.సి.ల నీటిని నిలుపునట్లు రూపొందినది. పూడిక చేరుటచే ఆ సామర్థ్యము సుమారు 215 టి.ఎం.సి.లకు తగ్గినట్లు తరువాతి లెక్కలు చూపినవి. పోతిరెడ్డిపాడు తూముల ద్వారా బనకచెర్ల మీదుగా నంద్యాల, ఆళ్ళగడ్డ పొలములకు చేరునది ఈ నీరే. కొండవాలున చెట్టు నిలుపుట, పొలమునకు గట్టు వేయుట ఎందులకో ఆ సీసాను చూచిన బాలునకు వేరుగా చెప్పనక్కరలేదు.

తెల్లని మూత, చేప పొలుసు

1865లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు ఏంజెలో సెక్కి తెల్లని పళ్ళెమును సముద్రములోనికి దింపి, అది కంటికి కనుమరుగైన లోతునుబట్టి నీటి తేటదనమును కొలిచెను. తెల్లరంగు వేసిన డబ్బామూతకు రాయి, ముళ్ళు వేసిన త్రాడు కట్టిన మనకును ఆ సాధనము సిద్ధించును. నీరు తేటయైనకొలది వెలుతురు లోతునకు పోవును. వెలుతురున్నంతవరకే నీటిలోని సూక్ష్మమైన పచ్చని మొక్కలు పెరుగును. వానిని తిని చిన్నపురుగులు, ఆ పురుగులను తిని బొచ్చె మొదలగు చేపలు బ్రతుకుచున్నవి. జాలరుల నడిగి తెచ్చిన బొచ్చెపొలుసును భూతద్దము క్రింద నుంచిన, చెట్టు మానున వలె ఎదుగుదల వలయములు కనిపించును. చేపల రాకపోకలను తెలుపుటకు లింగాలగట్టు జాలరులకంటె మంచి గురువులు లేరు.

భద్రత

పిల్లలను నీటిలో దిగనీయరాదు. పాతాళగంగ మెట్లపై నిలిచి, పెద్దలే త్రాడు కట్టిన బకెట్టుతో నీరు తోడి ఇయ్యవలెను. ఐదుగురు పిల్లలకు ఒక పెద్దవాడుండవలెను. ఈ నీటిలో మొసళ్ళు కలవు. ఆనకట్ట దిగువకు పోనేరాదు. విద్యుత్కేంద్రము నడచినను, తలుపులెత్తినను అచ్చట నీరు హఠాత్తుగా పెరుగును. ఇది పులుల అభయారణ్య ప్రాంతము గనుక అటవీశాఖ అనుమతి పొందవలెను. ఏ ప్రాణినీ ఇంటికి తేరాదు. చూచిన పిమ్మట నీటిలోనే విడువవలెను.

ఈ పాఠములకు కావలసినవి రెండు సీసాలు, ఒక మూత, కొంత త్రాడు, ఒక భూతద్దము. వ్యయము స్వల్పము. పంచాయతీ సభ్యులు ప్రధానోపాధ్యాయునితోడను, జాలరి పెద్దలతోడను మాట్లాడి, ఏడాదికి రెండు దినములు, వరదకాలమున ఒకటి, వేసవిలో ఒకటి, నిర్ణయింతురని ఆశించుచున్నాము. పిల్లలు కొలిచిన అంకెలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించిన, పెద్దలును చదువుకొందురు. తమ నీటిని తామే కొలిచి ఎరిగిన పిల్లలు రేపు దానిని కాపాడుకొనగలరు.