థ్రాటిల్ బాడీల సమతుల్యత: ఇంట్లో చేయదగిన పరీక్ష

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక మన దేశంలో కొత్త మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తోనే వస్తున్నాయి. 'అంతా కంప్యూటరే చూసుకుంటుంది' అనే మాట మీరు వినే ఉంటారు. అది సగమే నిజం. కంప్యూటర్ లెక్కకట్టేది పెట్రోలును. గాలిని లోపలికి వదిలేది థ్రాటిల్ బాడీలోని పలక. సింగిల్ సిలిండర్ బండిలో పలక ఒకటే కాబట్టి సమతుల్యత ప్రశ్నే రాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వంటి రెండు సిలిండర్ల బండిలో పలకలు రెండు. అవి సమానంగా తెరుచుకోకపోతే ఒక సిలిండర్‌పై భారం పెరిగి, ఐడ్లింగులో బండి వణుకుతుంది. దీన్ని సరిచేయకుండా ఇంధన మ్యాపు మార్చే పరికరాలు కొనడం డబ్బు దండగ.

సన్నని పారదర్శక ప్లాస్టిక్ గొట్టాన్ని 'యు' ఆకారంలో వేలాడదీసి, అడుగున కొద్దిగా టూ-స్ట్రోక్ ఆయిల్ పోయండి. రెండు కొసలను రెండు వాక్యూమ్ రంధ్రాలకు తగిలించండి. ఇంజన్ వేడెక్కి ఐడ్లింగులో ఉండగా ఆయిల్ ఎటువైపు పైకి లేస్తే అటు పీల్పు ఎక్కువ. అంటే ఆ పలక ఎక్కువగా మూసుకొని ఉన్నట్లు. పాదరసంలో 1 మిల్లీమీటరు తేడా ఆయిల్‌లో సుమారు 15 మిల్లీమీటర్లుగా కనబడుతుంది కనుక ఈ చౌక పరికరం చాలా సూక్ష్మమైనది. గొట్టం పొడవుగా ఉండాలి. పొట్టి గొట్టం వాడినప్పుడు నా ఇంజన్ ఆయిలంతా పీల్చేసి వీధంతా పొగతో నింపింది!

వాల్వు క్లియరెన్సులు ముందే సరిచూసుకోండి. అవి తప్పితే ఈ కొలతకు అర్థం లేదు. మాన్యువల్‌లో చూపిన సమతుల్యతా స్క్రూనే కొద్దికొద్దిగా తిప్పండి. ఫ్యాక్టరీలో రంగు వేసి బిగించిన స్టాప్ స్క్రూను ముట్టుకోవద్దు. పని ఆరుబయటే చేయండి: మూసిన షెడ్డులో పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.