ముయ్యాళ్ల లెక్కన ఫైళ్ల పంపకం



పోయిన నెల సంతలో ఒక పెద్దాయన నన్ను ఆపి, "అయ్యవారూ, మావోడు రాత్రంతా కంప్యూటరు ఆపకుండా పెట్టి, టొరెంటు దిగుతా ఉంది అంటాడు. అది దొంగ పని అని పక్కింటోళ్లు అంటా ఉండారు. నిజమేనా?" అని అడిగారు. చేతిలో కూరగాయల సంచి, నడినెత్తిన ఎండ. సంత మధ్య నిలబడి చెప్పగలిగిన జవాబు కాదది. "పద్ధతి దొంగది కాదు, దాంతో తెచ్చుకునే సరుకును బట్టి ఉంటుంది" అని మాత్రం చెప్పి వచ్చాను. మిగతా జవాబు ఈ ప్రసంగంలో చెబుతాను. ఆయన వింటూ ఉంటారనే అనుకుంటున్నాను.

మా కోలారు సీమలో ముయ్యాళ్లు అనే మాట ఉంది. ఇరుగున కన్నడం మాట్లాడేవారికీ, పొరుగున తెలుగు మాట్లాడేవారికీ అదే మాట. ఈ రోజు మీ చేలో రాగి కోతకు మా ఇంటి నుంచి ఇద్దరు వస్తారు. రేపు మా చేనికి మీ ఇంటి నుంచి ఇద్దరు రావాలి. కూలి డబ్బుల ప్రసక్తి లేదు, పైన పెత్తనం చేసే మేస్త్రీ లేడు. పనికి వచ్చినవాడే రేపు పని చేయించుకునేవాడు. కంప్యూటరు వాళ్లు పీర్ టు పీర్ అనేది ఇంచుమించు ఇదే. సాటివారి నుంచి సాటివారికి అన్నమాట.

మామూలుగా మనం ఇంటర్నెట్టులో ఏదైనా తెచ్చుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట సర్వరు అనే పెద్ద కంప్యూటరు ఉంటుంది. అడిగినవారందరికీ అదే ఇవ్వాలి. సొసైటీ అంగడిలో బియ్యం ఇచ్చినట్టు. ఇచ్చేవాడు ఒక్కడు, వరుసలో నిలబడేవారు వందమంది. ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చిన ఉదయం ఏం జరుగుతుందో పిల్లలున్న ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ ఒకేసారి ఒకే గుమ్మం మీద పడితే ఆ గుమ్మం మూసుకుపోతుంది.

దీనికి విరుగుడు నేను కంప్యూటరు ముందు నేర్చుకోలేదు, తరగతి గదిలో చూశాను. కొన్నేళ్ల కిందట పరీక్షలకు ముందు నా దగ్గర 24 కాగితాల ప్రశ్నల సంచిక ఒకే ఒక ప్రతి ఉంది. కరెంటు లేదు, జెరాక్సు అంగడి మూత. తరగతిలో 24 మంది. నేను బోర్డు మీద రాస్తే రెండు రోజులు పట్టేది. ఏం చేశానంటే, పిన్నులు ఊడదీసి తలా ఒక కాగితం ఇచ్చాను. ఎవరి కాగితం వారు నోటుబుక్కులో ఎక్కించుకోవాలి, ఆ తరువాత పక్కవారితో మార్చుకోవాలి. మొదటి అరగంట దాటాక నాకు పని లేకుండా పోయింది. ఎటు చూసినా ఇచ్చేవారే, ఎటు చూసినా పుచ్చుకునేవారే.

అయితే చిక్కులు కూడా ఆ రోజే కనిపించాయి. పదిహేడో కాగితం దగ్గరున్న పిల్లవాడు జ్వరం వచ్చి మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోయాడు, కాగితం సంచిలోనే ఉంది. అప్పటికి దాన్ని ఇంకెవరూ రాసుకోలేదు. మూడు రోజులు తరగతి మొత్తానికి ఇరవై మూడు కాగితాలే. ఇంకొకడు అందరి దగ్గరా అడిగి రాసుకుంటాడు, తన పుస్తకం మాత్రం ఎవరికీ చూపడు. గంటలోపే పిల్లలు వాడికి ఇవ్వడం మానేశారు, నేను చెప్పకుండానే. పక్క పల్లె నుంచి ఆలస్యంగా వచ్చిన ఒక అమ్మాయి దగ్గర మార్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. నేనే ఒక కాగితం ఇప్పించాను. ఇంకొకరు లెక్కలో 17ను 71 అని రాస్తే ఆ తప్పు ఆరు పుస్తకాలకు పాకింది.

ఈ నాలుగు చిక్కులకూ జవాబులున్న పద్ధతిని అమెరికాలో బ్రామ్ కోహెన్ అనే ఆయన తయారుచేసి 2001 జూలైలో లోకానికి ఇచ్చారు. దాని పేరు బిట్ టొరెంటు. టొరెంటు అంటే ఉరుకులతో పారే వాగు. 700 మెగాబైట్ల ఫైలు ఉందనుకోండి. ఒక్కొక్కటి 256 కిలోబైట్ల ముక్కలు చేస్తే 2800 ముక్కలవుతాయి. మీకు ఒక ముక్క ఒక ఊరి నుంచి, ఇంకొకటి ఇంకో దేశం నుంచి వస్తుంది. వరుసగా రావాలని లేదు. వచ్చిన ముక్కను మీ కంప్యూటరు వెంటనే ఇతరులకు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఇక్కడ కాస్త ఆగి గమనించాలి. ఫైలు పూర్తిగా చేతికి రాకముందే మీరు దాతలైపోయారు. దీని సంగతి మళ్లీ వస్తుంది.

జ్వరం పిల్లవాడి చిక్కుకు జవాబు, అందరిలోకీ తక్కువమంది దగ్గర ఉన్న ముక్కను ముందు తెచ్చుకోవడం. ఇవ్వనివాడి చిక్కుకు జవాబు ముయ్యే. తనకు బాగా ఇస్తున్న కొద్దిమందికే కంప్యూటరు తిరిగి ఇస్తుంది, ఆ లెక్కను పది క్షణాలకొకసారి సరిచూసుకుంటుంది. చేతిలో ఏమీ లేని కొత్తవారి కోసం ముప్పై క్షణాలకొకసారి లెక్క చూడకుండా ఒకరికి అవకాశం ఇస్తుంది. ఇక తప్పుల సంగతి. ప్రతి ముక్కకూ గణితంతో కట్టిన ఒక వేలిముద్ర ఉంటుంది. ముక్కలో ఒక్క అంకె మారినా వేలిముద్ర కలవదు, ఆ ముక్కను పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. ఈ వేలిముద్రల పట్టీయే టొరెంటు ఫైలు. అందులో సినిమా ఉండదు, పాటా ఉండదు. ఏ ముక్క ఎలా ఉండాలో మాత్రమే ఉంటుంది.

ఇంతకుముందు కూడా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. 1999లో బోస్టనులో చదువుకుంటున్న షాన్ ఫానింగ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు నాప్‌స్టర్ తెచ్చాడు. పాటలు ఒకరి నుంచి ఒకరికి నేరుగా వెళ్లేవి గానీ, ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే పట్టిక మాత్రం ఆ కంపెనీ సర్వర్లలో ఉండేది. పాటల కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, 2001 జూలైలో అది మూతపడింది. పట్టిక ఒకేచోట ఉంది కాబట్టి మూయించగలిగారు. ఆ తరువాతి పద్ధతుల్లో పట్టికను కూడా ముక్కలు చేసి సభ్యుల మధ్యే పంచేశారు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ఉబుంటు, డెబియన్ అనే ఉచిత కంప్యూటరు వ్యవస్థలను వాటిని తయారుచేసేవారే టొరెంటు ద్వారా పంచుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 2012 నుంచి తన దగ్గరున్న పుస్తకాలను ఈ దారిలో కూడా ఇస్తోంది. అక్కడ పాత తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కు ఆయన వారసులదో, హక్కు కొన్నవారిదో. వీరేశలింగంగారు 1919లో పోయారు, గురజాడవారు 1915లో పోయారు. వారి రచనలు ఎవరైనా తెచ్చుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. దగ్గరలో తెలుగు పుస్తకాల అంగడి లేని మాలాంటి ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

సినిమాకు విడుదలైన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కొత్త సినిమాను తెచ్చుకునే పిల్లవాడు, "నేను చూశానంతే, ఎవరికీ అమ్మలేదు" అంటాడు. నిజమే, అమ్మలేదు. కానీ ఇందాక చెప్పాను కదా, తెచ్చుకుంటున్నంతసేపూ ఇతరులకు ఇస్తూనే ఉన్నాడు. అది వాడికి తెలియదు. వాడి కంప్యూటరు ఇంటర్నెట్టు చిరునామా ఆ గుంపులో ఉన్న అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షను కింద తెలిసి చేసినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉంది. వ్యాపార లాభం కోసం కాకపోతే తగిన కారణాలు చూపి న్యాయస్థానం తగ్గించవచ్చు. పెద్దాయనా, మీవాడు ఏం తెస్తున్నాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. అరవకండి. ఇచ్చే వేగానికి హద్దు పెట్టే చోటు, పని పూర్తయ్యాక ఆపే చోటు ఆ ప్రోగ్రాములోనే ఉంటాయి, చూపించమనండి. మీరు డబ్బు కట్టే డేటాలో ఇచ్చినది కూడా లెక్కకు వస్తుంది.

ఇంకొక ప్రమాదం నా అనుభవం. ఒకసారి తెలుగు నిఘంటువు అనే పేరు చూసి ఒక ఫైలు తెచ్చుకున్నాను. ఇంత పెద్ద నిఘంటువు ఇంత చిన్న ఫైలులో ఎలా పట్టిందని అనుమానం రావలసింది, రాలేదు. చివర ఇ ఎక్స్ ఇ అనే అక్షరాలున్నాయి. పుస్తకానికి ఆ అక్షరాలు ఉండవు, నడిచే ప్రోగ్రాముకు ఉంటాయి. అదీ చూడలేదు. తెరిచాను. కంప్యూటరులో ఉన్నదంతా తాళం వేసి డబ్బు అడిగింది. వేలిముద్ర అన్నీ సరిపోయాయి మరి! వేలిముద్ర కలిసిందంటే ఇచ్చింది ఇచ్చినట్టు చేరిందని మాత్రమే. ఇచ్చింది మంచిదా చెడ్డదా అనేది అది చెప్పదు.

పోయినవాటిలో ప్రశ్నపత్రాలకు నేను బాధపడలేదు. మా అవ్వ రాగులు విసురుతూ పాడే పాటలు పదకొండు రికార్డు చేసి పెట్టుకున్నాను. అవ్వ పోయి అప్పటికి రెండేళ్లు. వేరే ప్రతి చేసుకోలేదు. పిల్లలకు చెబుతాను కదా, నేనే చేసుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, తెలుగు పాఠంలో వినిపించి కొన్ని పాటలు పిల్లల ఫోన్లకు పంపానని. వెతుకులాట మొదలైంది. ఒకమ్మాయి బెంగుళూరు నుంచి మూడు పంపింది. మాలూరులో పని చేసే అబ్బాయి దగ్గర రెండు దొరికాయి. ఒక పాట మొదటి సగం ఒకరి దగ్గర, చివరి సగం ఇంకొకరి దగ్గర ఉంటే అతికించుకున్నాను. ఇంకొకటి ఎవరిదో అమ్మ ఫోనులో ఉంది. ఏడయ్యాయి.

మిగిలిన నాలుగు దొరకలేదు. టొరెంటులోనూ ఇలా జరుగుతుంది. నూటికి తొంభై వంతులు వచ్చి ఆగిపోతుంది, ఆ చివరి ముక్కలు ఉన్నవారు ఎవరూ కంప్యూటరు తెరిచి ఉండరు. అయినా ప్రోగ్రాము మూయకుండా అలాగే వదిలేస్తారు, ఏ రోజైనా ఎవరైనా వస్తారేమోనని.

మా బడిలో చదివినవారు ఎవరైనా ఈ ప్రసంగం వింటూ ఉంటే, పెట్టెలో పడేసిన పాత ఫోను ఒకసారి ఛార్జి చేసి చూడండి. తిరగలి చప్పుడుతో మొదలయ్యే పాటలు అవి.