ప్యాకేజీ పన్నెండు లక్షలు... నెలాఖరుకు మిగిలేదెంత?

పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడైనా, ఉద్యోగం మారేటప్పుడైనా, ఫ్లాట్ కొందామని బ్యాంకు మెట్లెక్కేటప్పుడైనా మన ఇళ్లలో ముందుగా వినిపించే ప్రశ్న 'ప్యాకేజీ ఎంత?' అనే. ఆ ఒక్క అంకెతోనే మనిషి స్థోమతను తేల్చేస్తున్నాం, మోయగల అప్పునూ అంచనా వేసేస్తున్నాం. కానీ ఇల్లు గడిచేది ప్యాకేజీతో కాదు. కోతలు, పన్నులు పోయి, అద్దె నుంచి పాల బిల్లు దాకా తప్పనిసరి చెల్లింపులన్నీ తీరాక చేతిలో నిలిచే సొమ్ముతోనే భవిష్యత్తు కట్టుకోవాలి. ఇద్దరి ఆదాయాలను పోల్చాలన్నా, రెండు ఊళ్ల జీతాలను పోల్చాలన్నా ఆ మిగులునే పోల్చాలి. అయితే మిగులును లెక్కగట్టడంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. జీతం చూసి మోసపోయినట్టే, తప్పు లెక్కతో తేలిన మిగులును చూసీ మోసపోతాం. ఈ విషయంలో బాగా నాటుకుపోయిన అపోహలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ 1: పన్నెండు లక్షల ప్యాకేజీ అంటే నెలకు లక్ష

వాస్తవం: కంపెనీలు చెప్పే సీటీసీ అనేది ఉద్యోగి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు. అందులో ఉద్యోగి చేతికి నెలనెలా రానివి చాలా ఉంటాయి. రూ.12 లక్షల సీటీసీలో మూల వేతనం సగం, అంటే నెలకు రూ.50,000 అనుకుందాం. సంస్థ కట్టే పీఎఫ్ వాటా మూల వేతనంలో 12 శాతం చొప్పున ఏడాదికి రూ.72,000. గ్రాట్యుటీ కింద 4.81 శాతం చూపిస్తే దాదాపు రూ.28,860. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే ప్యాకేజీలో పది శాతమైతే మరో రూ.1,20,000. ఇవి తీసేస్తే నెలకు రూ.81,600 దాకా ఉంటుంది. అందులోంచి ఉద్యోగి పీఎఫ్ వాటా రూ.6,000, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెలకు రూ.20,000 దాటిన జీతాల మీద ఉన్న వృత్తి పన్ను రూ.200 పోతే, ఖాతాలో పడేది సుమారు రూ.75,400. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతగాళ్లకు రూ.12.75 లక్షల వరకు ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఈ ఉద్యోగికి ఆ కోత పడదు. అయినా 'లక్ష'లో నాలుగో వంతు మొదటి తారీఖుకు ముందే పక్కకు పోయింది. వేరియబుల్ పే ఎప్పటికైనా వస్తుంది కదా అనవచ్చు. రావచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు. అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. ఖాయంగా రాని డబ్బును నెలవారీ బిల్లులకు ఆధారంగా చూపించుకుంటే అప్పు చేయక తప్పదు.

అపోహ 2: జీతం పెరిగి పై శ్లాబులోకి వెళ్తే చేతికొచ్చేది తగ్గిపోతుంది

వాస్తవం: ఈ భయానికి మూలం మన కరెంటు బిల్లుల్లో ఉన్నట్టుంది. తెలంగాణ గృహ టారిఫ్‌నే తీసుకోండి. నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వంద యూనిట్లకు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80 చొప్పున విద్యుత్తు చార్జీ రూ.820 అవుతుంది. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి రెండు వందల యూనిట్ల ధరే రూ.5.10కి మారుతుంది. 201వ యూనిట్‌కు రూ.7.70. మొత్తం రూ.1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైమాటే. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు అందుకునే కుటుంబానికైతే ఆ దెబ్బ ఇంకా పెద్దది. ఆదాయపు పన్ను ఇలా పనిచేయదు. పన్ను పడే ఆదాయం రూ.16 లక్షలు దాటినవారికి 20 శాతం పన్ను పడేది దాటిన సొమ్ము మీదే. అక్కడ రూ.50,000 పెరిగితే పన్ను, సెస్సు కలిపి రూ.10,400 పోతుంది, రూ.39,600 మిగులుతుంది. కింది శ్లాబుల లెక్క ఏమీ మారదు.

ఈ అపోహలో కాస్త నిజం ఉన్న చోటు కూడా ఉంది. పన్ను పడే ఆదాయం రూ.12 లక్షలు (అంటే జీతం రూ.12.75 లక్షలు) దాటగానే, అప్పటిదాకా పన్ను లేకుండా చేసిన రిబేటు ఆగిపోతుంది. అయితే దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ కాకుండా చట్టం ఊరట ఇచ్చింది. జీతం రూ.12.75 లక్షల నుంచి రూ.12.85 లక్షలకు పెరిగితే పన్ను రూ.10,000, సెస్సు రూ.400. పెరిగినదంతా పన్నుకే పోయి చేతి నుంచి మరో నాలుగు వందలు పడతాయి. జీతం దాదాపు రూ.13.45 లక్షలకు చేరేదాకా ఇదే పరిస్థితి. ఆ ఇరుకు మెట్టు మీద ఉన్నవారు మినహా పన్నుకు భయపడి ఇంక్రిమెంటు వద్దనుకోవాల్సిన అవసరం సాధారణ జీతగాళ్లకు లేదు.

అపోహ 3: జీతం ఎక్కువున్న చోటే మిగులూ ఎక్కువ

వాస్తవం: పైన చెప్పిన రూ.75,400 అందుకునే ఉద్యోగి భార్య, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ కొండాపూర్‌లో అద్దెకుంటున్నాడనుకుందాం. అద్దె రూ.26,000, మెయింటెనెన్స్ రూ.3,000, కరెంటు రూ.2,000, ఇంటర్నెట్, ఫోన్లు రూ.1,800, గ్యాసు రూ.900, పనిమనిషి జీతం రూ.3,500, ఏడాది స్కూలు ఫీజును పన్నెండుతో భాగిస్తే నెలకు రూ.10,000, పెట్రోలు రూ.5,000, సరుకులు, పాలు, కూరగాయలు రూ.15,000. మొత్తం రూ.67,200. మిగిలేది రూ.8,200. కాకినాడలో సొంతింట్లో తల్లిదండ్రులతో ఉంటూ రూ.48,000 అందుకునే మరో ఉద్యోగిని చూడండి. కరెంటు రూ.1,800, ఇంటర్నెట్, ఫోన్లు రూ.1,200, గ్యాసు రూ.900, స్కూలు రూ.5,000, పెట్రోలు రూ.2,000, సరుకులూ పాలూ కూరలూ రూ.13,000, పెద్దవాళ్ల మందులు రూ.3,000. మొత్తం రూ.26,900. మిగిలేది రూ.21,100. జీతంలో రూ.27,400 వెనకబడిన ఇల్లు మిగులులో రూ.12,900 ముందుంది. అంకెలు ఇంటింటికీ మారతాయి. కానీ జీతాల వరుస ఒకలా, మిగులు వరుస మరోలా ఉండవచ్చన్నది మారదు.

సగటు ఖర్చుల గణాంకాలతో ఈ పోలిక తేల్చేద్దామన్నా కుదరదు. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు తెలంగాణ పట్టణాల్లో రూ.8,978, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రూ.7,182. ఊరును బట్టి ఖర్చు మారుతుందని ఇది చెబుతుంది. కానీ అదే సర్వేలో దేశవ్యాప్తంగా పట్టణ కుటుంబాల ఖర్చులో అద్దె వాటా ఏడు శాతం లోపే. జీతంలో మూడో వంతు అద్దెకు పోస్తున్నవారికి ఇది నమ్మశక్యంగా అనిపించదు. సొంతిళ్లలో ఉండి అద్దె కట్టనివారు కూడా ఆ సగటులో కలిసి ఉండటమే దీనికి కారణం. అందుకే సగటును చూసి మన ఇంటి లెక్క వేసుకోకూడదు.

అపోహ 4: పీఎఫ్ కోత అంటే పోయిన డబ్బు, ఈఎంఐ అంటే దాచిన డబ్బు

వాస్తవం: ఇందాకటి లెక్క చూసి 'అయితే కాకినాడ ఉద్యోగమే మేలు' అని తీర్పు చెప్పేస్తే తొందరపాటే అవుతుంది. అక్కడి మిగులుకు పెద్ద కారణం ఉద్యోగం కాదు, పెద్దలు కట్టించిన ఇల్లు. ఆ ఇల్లు లేక నెలకు రూ.10,000 అద్దె కట్టాల్సి వస్తే మిగిలేది రూ.11,100. ఇక పీఎఫ్ సంగతి. హైదరాబాద్ ఉద్యోగికి తన వాటా, సంస్థ వాటా కలిపి నెలకు రూ.12,000 జమవుతోంది. కాకినాడ ఉద్యోగి సంస్థ రూ.15,000 వేతన పరిమితి మీదే పీఎఫ్ కడుతోందనుకుంటే, పింఛను వాటాతో సహా అతడికి జమయ్యేది రూ.3,600. ఇవి కలిపితే హైదరాబాద్ ఉద్యోగి మిగులు రూ.20,200, కాకినాడ ఉద్యోగిది రూ.14,700. వరుస తిరగబడింది. రెండు లెక్కలూ నిజమే, కానీ అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏ ఇల్లు నిబ్బరంగా ఉందని అడిగితే సొంతింటిని లెక్కలోకి తీసుకోవాలి. ఏ ఉద్యోగం మెరుగైనదని అడిగితే ఇంటిని పక్కనపెట్టి, పీఎఫ్‌ను కలుపుకోవాలి. 2024-25కు 8.25 శాతం వడ్డీ ప్రకటించిన ఖాతాలో పడుతున్న సొమ్మును పోయిన డబ్బుగా చూడటం సరికాదు. ఆ డబ్బు ఈ నెల బిల్లులకు అక్కరకు రాదు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే చేతిలో నిలిచే మిగులును, ఖాతాలో పెరిగే మిగులును రెండు వరుసల్లో రాసుకోవాలి.

ఇంటి అప్పు విషయంలో పొరపాటు దీనికి సరిగ్గా ఎదురు దిశలో జరుగుతుంది. 'అద్దె వృథా, ఈఎంఐ పొదుపు' అన్న మాట తరచూ వింటాం. రూ.50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు రూ.43,390. మొదటి నెలలో అందులో వడ్డీయే రూ.35,400 పైన. అసలులో తీరేది రూ.8,000 లోపు. అద్దె ఎలా తిరిగిరాదో ఆ వడ్డీ కూడా అలాగే తిరిగిరాదు. ఏళ్లు గడిచేకొద్దీ అసలు వాటా పెరుగుతుంది, స్థలం ధర కూడా పెరగవచ్చు. సొంతిల్లు తప్పని ఎవరూ అనడం లేదు. ఈఎంఐ మొత్తాన్ని పొదుపు ఖాతాలో రాసుకోవడమే తప్పు.

అపోహ 5: నెలాఖరుకు బ్యాంకు ఖాతాలో ఉన్నదంతా మిగులే

వాస్తవం: బిల్లులన్నీ నెలనెలా రావు. జూన్‌లో స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు వస్తాయి. బండి బీమా, ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ ప్రీమియాలు ఏడాదికోసారి కట్టాల్సి వస్తాయి. సొంతిల్లుంటే ఆస్తి పన్ను, సంక్రాంతికో దసరాకో ఊరి ప్రయాణం, బట్టలు ఎలాగూ ఉంటాయి. ఇవి ముందే తెలిసిన ఖర్చులే. వచ్చినప్పుడు అనుకోని ఖర్చన్నట్టు క్రెడిట్ కార్డు గీకుతాం. నెలకు 3 శాతం పైబడిన వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం దాటుతుంది. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగిలిన బాకీ మీద ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి పన్నెండు నెలల బిల్లులన్నీ కూడి పన్నెండుతో భాగించాకే మిగులు ఎంతో తెలుస్తుంది. ఇక్కడొక అభ్యంతరం వస్తుంది: ఖర్చు పెట్టేవాడికి ఎంత జీతమొచ్చినా మిగలదు, పొదుపరికి కొంచెమొచ్చినా మిగులుతుంది, అలాంటప్పుడు మిగులును కొలతగా ఎలా వాడతాం? అందుకే తీసివేయాల్సింది తప్పనిసరి బిల్లులనే. అద్దె, తిండి, చదువు, మందులు, రవాణా, అప్పుల వాయిదాలు ఆ జాబితాలోవి. సినిమా, హోటలు, కొత్త ఫోను మన ఇష్టం మీద ఆధారపడినవి. అవి మిగులులోంచి పెట్టే ఖర్చులే తప్ప మిగులును తేల్చే ఖర్చులు కావు.

అపోహ 6: అమెరికాలో లక్ష డాలర్ల జీతమంటే ఇక్కడ 85 లక్షలు

వాస్తవం: టెక్సాస్‌లో లక్ష డాలర్లు సంపాదించే, పెళ్లికాని ఉద్యోగికి 2025 లెక్కల్లో ఫెడరల్ ఆదాయపు పన్ను సుమారు 13,450 డాలర్లు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7,650 డాలర్లు పోతాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అదే కాలిఫోర్నియాలోనైతే ఉంది. ఆరోగ్య బీమా ప్రీమియం కట్టకముందే నెలకు చేతికొచ్చేది దాదాపు 6,575 డాలర్లు. అందులో అద్దె, కారు వాయిదా, కారు బీమా, పిల్లలుంటే డేకేర్ ఫీజు అన్నీ డాలర్లలోనే కట్టాలి. ధరల తేడాలను సర్దిచూసే ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కల ప్రకారం అక్కడ డాలరుకు దొరికే సరుకూ సేవా ఇక్కడ సుమారు రూ.20కే దొరుకుతాయి. కాబట్టి అక్కడే ఖర్చయ్యే డాలరును, 2025 మధ్యలో దాదాపు రూ.85గా ఉన్న మారకపు రేటుతో గుణించడంలో అర్థం లేదు. అక్కడ అన్నీ పోగా మిగిలి, ఇంటికి పంపే డాలరుకు మాత్రం మారకపు రేటు పూర్తిగా వర్తిస్తుంది. ఆ సొమ్ము ఇక్కడ రూపాయల్లోనే ఖర్చవుతుంది కనుక విదేశీ ఉద్యోగానికి ఉన్న అసలు బలం అక్కడే ఉంది. నెలకు 1,500 డాలర్లు మిగుల్చుకునే వ్యక్తి ఇక్కడి లెక్కలో నిజంగానే ఎక్కువ దాచుకుంటున్నాడు. కానీ అతడి ఇంటివారు 85 లక్షల జీతాన్ని తలచుకుని ఇక్కడ అప్పులు చేస్తే, ఆ అప్పులు తీరాల్సింది ఆ 1,500 డాలర్లలోంచే.

ఇన్ని లెక్కలెందుకు, పెద్ద జీతం ఎప్పుడూ పెద్ద జీతమే కదా అనేవారున్నారు. ఎదుగుదల అవకాశాలు, జీవిత భాగస్వామికి ఉద్యోగం దొరికే వీలు, వైద్య సదుపాయాలు మిగులు లెక్కలో కనపడవన్నది నిజమే, వాటిని విడిగా తూచుకోవాల్సిందే. కానీ అప్పిచ్చే బ్యాంకు సైతం జీతం ఒక్కటే చూసి సంతకం పెట్టదు. ఇప్పటికే కడుతున్న వాయిదాలు జీతంలో ఎంత శాతమో అడుగుతుంది. తన డబ్బు భద్రత కోసం బ్యాంకు తీసుకునే ఆ జాగ్రత్తను మన ఇంటి భద్రత కోసం మనమూ తీసుకోవాలి. ఉద్యోగం మారే ముందు, ఇల్లు కొనే ముందు, పిల్లల పెళ్లి మాటలు మొదలుపెట్టే ముందు గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పే స్లిప్పులు ముందు పెట్టుకోండి. చేతికొచ్చింది, తప్పనిసరి బిల్లులు, చేతిలో మిగిలింది, పీఎఫ్‌లో చేరింది అని నాలుగు వరుసలు రాయండి. ప్యాకేజీ ఎంతున్నా, నిర్ణయం మాత్రం ఆ చివరి రెండు వరుసలను చూసే తీసుకోండి.