గీజరు మీది స్టార్లు దేన్ని కొలుస్తాయి?

చలికాలంలో వార్తల్లో కోహిర్ పేరు తరచూ వినబడుతుంది. తెలంగాణలో చలి బాగా ముదిరే చోట్లలో అదొకటి. అదే సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ మండలంలోనూ, పటాన్‌చెరు ఫ్యాక్టరీల చుట్టుపక్కల కిరాయి ఇళ్లలోనూ ఇప్పుడు కట్టెల బాయిలర్ల స్థానంలో గీజర్లు వచ్చాయి. కొనేవాళ్లు స్టార్లు చూస్తున్నారు, మంచిదే. అయితే ఎక్కువ స్టార్లుంటే నీళ్లు త్వరగా కాగుతాయనో, తక్కువ కరెంటుతో కాగుతాయనో అనుకుంటారు. సంగతి అది కాదు.

నీళ్లు కాచడంలో ఏ గీజరైనా దాదాపు ఒకటే. ఎలిమెంటు నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి తీసుకున్న కరెంటంతా వేడిగా మారి నీళ్లకే చేరుతుంది. 25 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు ఒక యూనిట్ కాలుతుంది. ఒక స్టారైనా, ఐదు స్టార్లైనా ఈ లెక్క మారదు. రెండు కిలోవాట్ల ఎలిమెంటుకు అరగంట పని.

తేడా అంతా ఆ తర్వాతే. కాగిన నీళ్లు వాడకుండా ట్యాంకులో నిలిచి ఉంటే వేడి మెల్లగా బయటికి పోతుంది. చల్లబడ్డప్పుడల్లా థర్మోస్టాట్ మళ్లీ కరెంటు లాగుతుంది. స్టార్లు కొలిచేది ఈ నష్టాన్నే. నీటికీ గదికీ మధ్య 45 డిగ్రీల తేడా ఉంటే 24 గంటల్లో ఎన్ని యూనిట్లు వృథా అవుతాయో లేబుల్ మీద అంకె ఉంటుంది. స్టార్ల కన్నా ముందు దాన్ని చదవండి. ఒకదాని మీద 0.9, ఇంకోదాని మీద 0.6 ఉందనుకుందాం. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంట్లో నెలకు దాదాపు 9 యూనిట్ల తేడా. స్నానానికి ముందు వేసి, అయిపోగానే ఆపేసే ఇంట్లో ఆ తేడా నామమాత్రమే.

కాబట్టి షిఫ్టుల మీద పనిచేసే నలుగురు ఒకే బాత్రూం వాడుకునే గదుల్లో స్టార్లకు అసలు విలువ. ఒకరు తెల్లవారుజామున, మరొకరు మధ్యాహ్నం స్నానం చేస్తారు, స్విచ్ ఆపేవాళ్లుండరు. చిక్కేమిటంటే గీజరు కొనేది ఇంటి ఓనరు, బిల్లు కట్టేది కిరాయిదారు. చవకది పెట్టేస్తే ఓనరుకు పోయేదేమీ లేదు. ఇది నిబంధనలు తీర్చే సమస్య కాదని నా అభిప్రాయం. గది మాట్లాడుకునేటప్పుడే అడగాలి.

2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో ఈ స్టార్ల పద్ధతి తెచ్చింది. ట్యాంకున్న గీజర్లకు ఇప్పుడిది తప్పనిసరి. ప్రమాణాలను అప్పుడప్పుడు బిగిస్తారు కనుక లేబుల్ మీద కాలపరిమితీ చూడాలి; షాపులో మూలన పడి ఉన్న పాత ఫైవ్ స్టార్, కొత్త ఫైవ్ స్టార్ ఒకటి కాకపోవచ్చు. మూడు లీటర్ల ఇన్‌స్టెంట్ గీజరు మీద స్టార్లు లేవని కంగారు పడనక్కర్లేదు. నీళ్లు నిల్వ ఉంచేది కాదు కాబట్టి ఈ కొలత దానికి పెద్దగా పట్టదు. ఐఎస్ఐ గుర్తు మాత్రం వేరే సంగతి, అది షాకు కొట్టకుండా చూసే భద్రతకు. దేనికైనా ఉండాల్సిందే.

ఏ లేబులూ చెప్పనిది బోరు నీళ్ల సంగతి. ఉప్పు నీళ్లయితే ఎలిమెంటు మీద తెల్లటి పొర పెంకులా గట్టిపడుతుంది. వేడి నీళ్లలోకి సరిగా దిగక ఎలిమెంటే కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పకుండా 55, 60 దగ్గర ఉంచితే ఈ పొర తక్కువగా పడుతుంది, నిలువ నష్టమూ తగ్గుతుంది. ఏడాదికోసారి, చలి మొదలయ్యే ముందు, మెకానిక్‌తో ఎలిమెంటు తీయించి గీకించండి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే అప్పుడే మార్పించండి.