ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు, మరి రక్తం ఎక్కణ్ణుంచి పోతోంది?

మలం తారులా నల్లగా వస్తోందని నోటి నుంచి ఎండోస్కోపీ, కింది నుంచి కొలనోస్కోపీ చేస్తారు. ఒక్కోసారి రెండూ నార్మల్‌గానే ఉంటాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే ఈ ప్రశ్న చాలా సరైనది.

మొదటి గొట్టం జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదట్లోనే ఆగిపోతుంది. రెండోది పెద్దపేగంతా చూసి, చిన్నపేగు చివర కొద్దిగా మాత్రమే చూడగలుగుతుంది. మధ్యలో మీటర్ల కొద్దీ చిన్నపేగు చూడకుండానే మిగిలిపోతుంది. జీర్ణమార్గంలో రక్తం పోయే 100 మందిలో 5 నుంచి 10 మందికి కారణం అక్కడే ఉంటుంది.

ఆ కారణమేమిటో ఊహించడానికి డాక్టరు ముందు అడిగేది వయసు.

రెండేళ్ల పాప నొప్పని ఏడవదు, కానీ డైపర్ నిండా రక్తం. ఇలాంటప్పుడు మెకెల్ సంచిని అనుమానిస్తారు. గర్భంలో శిశువు పేగును పచ్చసొన సంచితో కలిపే నాళం ఒకటి ఉంటుంది. పుట్టేలోపే అది పూర్తిగా మాయమవ్వాలి. 100 మందిలో సుమారు ఇద్దరికి దాని మొదలు పేగుకు చిన్న సంచిలా మిగిలిపోతుంది. వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. కొందరికి మాత్రం ఆ సంచి లోపల జీర్ణాశయపు పొర ఉండి యాసిడ్ ఊరుతుంది. యాసిడ్‌ను తట్టుకునే ఏర్పాటు జీర్ణాశయానికి ఉంది, చిన్నపేగుకు లేదు. అందుకే ఆ పక్కనే పుండుపడి రక్తం కారుతుంది. ఆపరేషన్ చేసి సంచిని తీసేస్తే సమస్య పోతుంది.

యువకుల్లో క్రోన్స్ వ్యాధి, పేగు టీబీ, గడ్డలు చూస్తారు. ముదిరిన టైఫాయిడ్‌లోనూ చిన్నపేగు చివర పుండ్లుపడి రక్తం పోవచ్చు.

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది పేగు గోడలో ఉబ్బి పలచబడ్డ సన్నని రక్తనాళాలు. కిడ్నీలు పాడైనవాళ్లకు, గుండెలో అయోర్టిక్ వాల్వ్ సన్నబడినవాళ్లకు ఇవి మరీ రక్తమోడతాయి. వాల్వ్ ఇరుకులోంచి దూసుకెళ్లేటప్పుడు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక పెద్ద ప్రోటీన్ తెగిపోతుంది. వాల్వ్ ఇరుకు, పేగులో రక్తం పోవడం కలిసి రావడాన్ని 1958లో హైడ్ అనే వైద్యుడు గుర్తించారు. వాల్వ్ మార్చాక చాలామందికి రక్తం పోవడం ఆగుతుంది.

ఇక మోకాళ్ల నొప్పికి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు. పేగు పొరను కాపాడే పదార్థాలు తయారుకాకుండా ఇవి అడ్డుకుంటాయి. “గ్యాస్ మాత్ర కూడా వేస్తున్నాం కదండీ” అంటారు. అది జీర్ణాశయాన్ని కాపాడుతుందే గాని చిన్నపేగును కాపాడదు. ఈ సంగతి చాలామందికి తెలియకపోవడమే నా బాధ.

ఆ మిగిలిపోయిన పేగును చూడటానికి ఇప్పుడు మింగే కెమెరా ఉంది. సుమారు 26 మిల్లీమీటర్ల క్యాప్సూల్ అది. పేగు కదలికలతోనే ముందుకు సాగుతూ గంటల తరబడి ఫోటోలు తీసి, మలంతో బయటికి వచ్చేస్తుంది. పేగు ఎక్కడైనా ఇరుకైతే అక్కడే చిక్కుకోవచ్చు కాబట్టి ముందే ఆ అనుమానం తీర్చుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి, మందుల షాపులో అడిగి కొన్నవి కూడా. కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.